ఎవరెస్టు కథలో రెండో పేరు

చర్ల: రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. భద్రాచలం ఏజెన్సీలో దాన్ని సామెతగా ఎవరూ అనుకోరు. మే నెలాఖరున పొద్దు తొమ్మిది కాకముందే బజార్లు పలచబడతాయి. పశువులు చింతచెట్ల నీడకు చేరతాయి. రాత్రి ఆరుబయట మంచం వేసుకున్నా తెల్లవారుజాముకు గాని చల్లగాలి తగలదు. 2014 మే 25, ఆదివారం, అలాంటి రోజే. ఆ ఉదయం చర్ల మండలానికి చెందిన ఒక కుర్రవాడు ఊపిరి కూడా సిలిండరు నుంచి తెచ్చుకోవలసిన చోట, గడ్డ కట్టిన మంచు మీద నిలబడి ఉన్నాడు. అంతకన్నా ఎత్తయిన నేల ఈ భూమి మీద లేదు.

అతని పేరు సాధనపల్లి ఆనంద్ కుమార్. తండ్రి సైకిల్ మెకానిక్. అన్నపురెడ్డిపల్లి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతున్న దళిత విద్యార్థి. ఇంటిపేరులోనే సాధన ఉన్నది గనుక ఎక్కగలిగాడని సరదాకు అనవచ్చు. ఆ సాధన ఎలాంటిదో తెలిస్తే సరదా మాట ముందుకు సాగదు.

అదే ఉదయం అదే శిఖరం మీద అతనితోపాటు నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ ఉన్నది. లంబాడీ కూలీల బిడ్డ. అప్పటికి ఆమెకు 13 ఏళ్ల 11 నెలలు. ప్రపంచంలో ఎవరెస్టు ఎక్కిన బాలికలందరిలోకీ పిన్న వయస్కురాలిగా ఆమె పేరు రికార్డు పుస్తకాలకెక్కింది. అది న్యాయమే. అయితే ఆ వార్త దేశమంతా పాకిన తర్వాత చాలాచోట్ల ఆనంద్ 'మరో విద్యార్థి' అయ్యాడు. వార్తలో రెండో పేరాకు జరిగాడు. కొన్నిచోట్ల ఆ పేరా కూడా దక్కలేదు. ఈ కథనం ఆ రెండో పేరు గురించి.

గాలి కొట్టే దుకాణం

భద్రాచలం నుంచి చర్లకు సుమారు 60 కిలోమీటర్లు. ఆంగ్లేయుల కాలపు ఆనకట్ట ఉన్న దుమ్ముగూడెం దాటిన తర్వాత ఒకవైపు గోదావరి, మరోవైపు అడవి తోడుగా వస్తాయి. నది వారన మిర్చి తోటలు. పెదమిడిసిలేరు దగ్గర తాలిపేరు ప్రాజెక్టు. ఆపైన అడవి దట్టమై ఛత్తీస్‌గఢ్‌లో కలిసిపోతుంది. మిర్చి కోతల రోజుల్లో కూలీలు ఆ అడవి దారుల వెంట గుంపులుగా దిగివస్తారు. ఎండాకాలం ఇప్పపువ్వు, తునికాకు. వానాకాలం వాగులు పొంగితే లోపలి గూడేలకు రాకపోకలు బంద్. పేపర్లలో ఈ మండలం పేరు ఎక్కువగా వచ్చేది వరదలప్పుడు, జ్వరాలప్పుడు, ఎదురుకాల్పులప్పుడు.

ఇక్కడ గుట్టలు లేకపోలేదు. అయితే ఈ గోదావరి ఒడ్డు సముద్ర మట్టానికి వంద మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. మంచు అంటే సోడా బండి మీద ఐసుగడ్డ, లేదంటే మాఘమాసపు తెల్లవారుజామున మిర్చి ఆకు మీద తడి. అంతకుమించి ఎవరికీ తెలియదు. పర్వతారోహణ అనే ఆట ఒకటుందని చెప్పేవారు కూడా లేరు.

సైకిల్ మాత్రం ఏజెన్సీలో అందరికీ తెలుసు. బట్టల మూటలు, పాలక్యాన్లు, వెదురు బొంగులు, బడిపిల్లలు అన్నీ దాని మీదే. పంచరు వేయడం, రిమ్ము బెండు తీయడం, స్పోకులు మార్చడం, ఏడాదికోసారి ఓవరాయిలింగు. మోటారు సైకిళ్లు ఊరూరా వచ్చిన తర్వాత సైకిల్ షాపుల బేరాలు ఎలా పడిపోయాయో ఆ వృత్తిలో ఉన్నవారినడిగితే చెబుతారు. ఒక పంచరు మీద వచ్చే పైకంతో ఇల్లు గడిపే తండ్రికి, కొడుకు చదువుకుని ఏదో ఒక ఉద్యోగంలో కుదురుకుంటే చాలుననే ఆశ ఉండడం సహజం. ట్యూబులో గాలి కొట్టి బతికే ఇంటి పిల్లవాడు గాలి లేని చోటికి వెళతాడని ఎవరు ఊహిస్తారు?

గురుకులం గేటు

ఆనంద్ శిఖరం మీదికి వెళ్లిన దారి అన్నపురెడ్డిపల్లి గురుకులం గేటులో నుంచే పోయింది. చర్ల నుంచి అక్కడికి రావాలంటే భద్రాచలం వచ్చి, 1965లో ప్రారంభమైన గోదావరి వంతెన దాటి, పాల్వంచ, కొత్తగూడెం మీదుగా పోవాలి. ఇప్పుడది వేరే మండలమైనా ఆనాడు చండ్రుగొండ మండలంలో ఉండేది.

గురుకులం గురించి తెలియనివారి కోసం ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి గురుకుల పాఠశాల 1971లో, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా, నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైంది. తర్వాత అదే బాటలో సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. ఉచిత భోజనం, బస, పుస్తకాలు, బట్టలు. పేదింటి పిల్లలకు ఐదో తరగతిలో ప్రవేశ పరీక్ష. సీటు వస్తే ఆ ఇంటికి పండగే. పిల్లవాణ్ణి ట్రంకుపెట్టెతో సహా దింపి తల్లులు గేటు బయట నిలబడి కళ్లు తుడుచుకోవడం ప్రతి జూన్ నెలలో చూసేదే. అయినా ఈ బడుల నుంచి జనం ఆశించింది పదో తరగతి పాసు, మహా అయితే ఒక సర్కారు కొలువు.

2012లో ఈ విద్యాసంస్థల సొసైటీకి ఐ.పి.ఎస్. అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ కార్యదర్శిగా వచ్చారు. 2021 వరకు ఆయనే ఉన్నారు. పేద పిల్లలకు చదువుతోపాటు, తాము దేనికీ తీసిపోమనే ధైర్యం కావాలని, అది పాఠం చెబితే రాదని ఆయన వాదం. ఆ ఆలోచనలోంచి పుట్టినవాటిలో సాహస క్రీడలు ఒకటి. వాటిలోంచి 'ఆపరేషన్ ఎవరెస్ట్' పుట్టింది.

సర్కారు బడి పిల్లల్ని ఎవరెస్టు ఎక్కిస్తామని ఒక అధికారి అంటే నవ్వకుండా వినేవారు ఎందరుంటారు? బయటికి నవ్వకపోయినా లోపల అనుకునేవి ఎటూ ఉంటాయి. ఆ డబ్బుతో నాలుగు హాస్టళ్లకు మరుగుదొడ్లు కట్టవచ్చు గదా, పసిపిల్లల ప్రాణాలతో పందెమేమిటి అనే ప్రశ్నలు కొట్టిపారేయదగినవి కావు. వాటి సంగతి తర్వాత.

భువనగిరి గుట్ట మీద మొదటి పరీక్ష

వివిధ గురుకులాల నుంచి వందమందికి పైగా పిల్లల్ని సాహస క్రీడల కోసం ఎంపిక చేశారు. వారికి మొదటి బడి భువనగిరి గుట్ట. రైల్లో హైదరాబాద్ వెళ్లే ఖమ్మం వాసులకు ఆ గుట్ట చిరపరిచితమే. ఏకశిల. నేల నుంచి సుమారు ఐదు వందల అడుగులు నున్నగా లేచి ఉంటుంది. చాళుక్య త్రిభువనమల్లుడి పేరు మీద వెలసిన కోట దాని నెత్తిన ఉన్నది. మనం కిటికీలో నుంచి చూసి, అదిగో భువనగిరి, ఇక సికింద్రాబాద్ దగ్గరపడ్డదనుకుంటాము. ఆ పిల్లలు దాని ఒంటి మీద చేతివేళ్లు, కాలివేళ్లు ఆనించి పాకారు.

శిక్షకుడు బచినేపల్లి శేఖర్ బాబు. ఆయన స్వయంగా 2007లో ఎవరెస్టు ఎక్కినవాడు. తాడు ఎలా ముడివేయాలి, నడుముకు పటకా ఎలా బిగించాలి, పైవాడు జారితే కిందివాడు ఎలా ఆపాలి అనేవి అక్కడే నేర్చుకున్నారు. ఆ గుట్టను మొదటిసారి చూసినప్పుడు భయపడ్డానని పూర్ణ తర్వాత చెప్పింది. బండ ఎక్కడంలో కండబలం కంటే కాలి మీద నమ్మకం ముఖ్యమని ఆ విద్య తెలిసినవారు అంటారు. భయపడి బండకు కరచుకుపోయినవాడే ముందు జారుతాడు. ఒంటిని రాతికి దూరంగా ఉంచి, బరువంతా పాదం మీద వేసి నిలబడినవాడికి పట్టు దొరుకుతుంది. బండ ఎదురుగా ఉండగా వెనక్కి ఒరగడమంటే మనసు ఒప్పుకోదు. ఒప్పించడమే శిక్షణ.

అక్కడ మెరుగనిపించుకున్న వారిలో ఇరవై మందిని డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. 1953 మే 29న హిల్లరీతో కలిసి మొదటిసారి ఎవరెస్టు ఎక్కిన టెన్సింగ్ నార్గే పేరుప్రతిష్ఠలు ఆసరాగా మరుసటి ఏడాది నెలకొల్పిన సంస్థ అది. టెన్సింగ్ కూడా బడిచదువు లేని పేదవాడే. సామాన్లు మోసే కూలీగా కొండల్లోకి వచ్చి ఆ సంస్థలో గురువైనాడు. అక్కడ ఈ పిల్లలు పదహారు వేల అడుగులకు పైబడిన రెనాక్ శిఖరం ఎక్కారు. ఎర్రటి ఎండలకు అలవాటుపడిన ఒళ్లకు మంచు పరిచయమైంది అప్పుడే.

తరువాతి వడపోత లడఖ్‌లో, నిండు చలికాలంలో. నీళ్ల సీసా గడ్డకట్టే చలి. బూటు తాడు కట్టుకోవడానికి గ్లౌజు తీస్తే వేళ్లు మొద్దుబారే చలి. కావాలనే ఆ కాలంలో తీసుకుపోయారు. ఎవరి ఒళ్లు తట్టుకుంటున్నది, ఎవరి మనసు తట్టుకుంటున్నది అని చూడడానికి అంతకన్నా మంచి చోటు మన దేశంలో లేదు. వంద దాటిన లెక్క ఇరవైకి, ఇరవై ఇంకా కొద్దిమందికి తగ్గి చివరకు ఇద్దరి దగ్గర ఆగింది. పూర్ణ, ఆనంద్.

ఉత్తరం వైపు దారి

ఎవరెస్టుకు ప్రధానంగా రెండు దారులు. దక్షిణాన నేపాల్ నుంచి ఒకటి, ఉత్తరాన టిబెట్ నుంచి ఒకటి. నేపాల్‌లో 16 ఏళ్లు నిండనివారికి అనుమతి లేదు. పూర్ణ వయస్సు దృష్ట్యా ఉత్తరపు దారే మిగిలింది. ఆ వైపు సుమారు 5,200 మీటర్ల ఎత్తున ఉన్న బేస్ క్యాంపు వరకు మోటారు రోడ్డు ఉన్నది. వినడానికి సుఖంగానే ఉంటుంది. కాని మెల్లగా నడిచి వెళ్లినవారికి అలవాటయ్యే పలుచని గాలి, బండి దిగినవారికి ఒక్కసారిగా తగులుతుంది. తలనొప్పి, వాంతులు, నిద్రలేమి. పైగా అటు గాలి జోరు ఎక్కువ, చలి ఎక్కువ.

బృందం 2014 ఏప్రిల్‌లో బయలుదేరింది. అంతలోనే పిడుగులాంటి వార్త. ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు హిమపాతంలో మంచుచరియలు విరిగిపడి 16 మంది నేపాలీ గైడ్లు చనిపోయారు. వారిలో ఎక్కువమంది షెర్పాలు. అప్పటివరకు ఎవరెస్టు మీద ఒకే రోజు అంతమంది చనిపోయింది లేదు. నేపాల్ వైపు ఆ ఏటి యాత్రలు దాదాపు ఆగిపోయాయి.

హైదరాబాద్‌లో ఉన్న బాధ్యులకు నిద్రపట్టని రోజులవి. మైనరు పిల్లలు. కూలీల బిడ్డ ఒకతె, సైకిల్ మెకానిక్ కొడుకు ఒకడు. జరగరానిది జరిగితే ఆ తల్లిదండ్రులకు ఎవరు ఏం చెప్పగలరు? పెద్దింటి పిల్లలు సాహసం చేస్తే అది వారి ఇష్టం. పేదింటి పిల్లల్ని సర్కారు పంపిస్తే అది సర్కారు పూచీ. యాత్ర ఆపాలా అనే ప్రశ్న సహజంగానే వచ్చింది. పిల్లలు వెనక్కి తగ్గలేదు. ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. చరియలు పడింది కొండకు అటువైపు. ఉత్తరపు దారిలో ఖుంబు లాంటి కదిలే మంచు పలకలు దాటే పని లేదు. ప్రమాదం లేదని కాదు, అది వేరే రకం. ఆ లెక్క తెలిసిన పెద్దలు తోడుండబట్టే ముందుకు నడిపించారని అనుకోవాలి.

ఎక్కి దిగి, దిగి ఎక్కి

ఎవరెస్టు ఎక్కడమంటే కింద మొదలుపెట్టి పైకి పోవడమే అనుకుంటాము. నిజానికి అందులో సగం పని కిందికి దిగడమే. బేస్ క్యాంపు నుంచి 6,400 మీటర్ల దగ్గరున్న ముందు శిబిరానికి వెళతారు. కొన్నాళ్లుండి, అక్కడినుంచి 7,000 మీటర్ల నార్త్ కల్ వరకు ఎక్కి మళ్లీ దిగుతారు. మళ్లీ ఎక్కుతారు. ఇలా చేస్తేనే పలుచని గాలికి సరిపడా రక్తంలో ఎర్ర కణాలు పెరుగుతాయి. తొందరపడినవాడి ఊపిరితిత్తుల్లో, మెదడులో నీరు చేరుతుంది. ఆ యాత్ర మొత్తం 52 రోజులు పట్టడానికి కారణమిదే. దారి దూరం కాదు, ఒంటికి అలవాటు కావాలి.

ఆ 52 రోజులూ అన్నం, పప్పు, పచ్చడి మరచిపోవలసిందే. పొట్లాల్లో వచ్చే ఎండు తిండి వేడినీళ్లలో కలుపుకుని తాగాలి. ఎత్తు పెరిగేకొద్దీ ఆకలి చస్తుంది, తిన్నది ఇమడదు. తినకపోతే మరునాడు కాలు లేవదు. హాస్టలు పిల్లలకు సాంబారు మీద ఫిర్యాదులుండడం మామూలే. ఆ సాంబారే అమృతమనిపించి ఉంటుంది.

ఇక వాతావరణం. శిఖరం మీద ఏడాదిలో చాలా రోజులు గాలి మనిషిని ఎత్తి పారవేసేంత వేగంతో వీస్తుంది. మే నెల రెండో సగంలో, రుతుపవనాలు రాబోయే ముందు, ఆ పైగాలుల ధార ఉత్తరానికి జరిగి కొద్దిరోజులు తెరిపి దొరుకుతుంది. ఆ నాలుగు రోజుల కోసం ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవారు గుడారాల్లో కూర్చుని ఎదురుచూస్తారు. మన రైతు మృగశిర కార్తె కోసం ఆకాశం వైపు చూసినట్టే. తేడా అల్లా, రైతు మబ్బు కోసం చూస్తాడు, వీరు మబ్బు లేని రోజు కోసం చూస్తారు.

రెండో మెట్టు

ఆఖరి శిబిరం 8,300 మీటర్ల దగ్గర. 8,000 మీటర్లు దాటిన భాగాన్ని కొండలెక్కేవారు మృత్యుమండలమంటారు. అక్కడ ఒళ్లు కోలుకోవడమనేది ఉండదు, పడుకున్నా అరిగిపోతూనే ఉంటుంది. అందుకే రాత్రివేళ నెత్తిన టార్చి కట్టుకుని బయలుదేరి, ఉదయానికి శిఖరం చేరి, ఎండ ముదరకముందే దిగిరావాలి. బూట్ల కింద ఇనుప పళ్ల చట్రం, వీపున ఆక్సిజన్ సిలిండరు, నడుము నుంచి తాడుకు కొక్కెం. ఒక అడుగు, నాలుగు ఊపిర్లు. మళ్లీ ఒక అడుగు.

ఆ వైపు శిఖరపు అంచున మూడు రాతి మెట్లు అడ్డుపడతాయి. మెట్లు అంటే మన గుడిమెట్లు కావు, నిట్టనిలువు రాతిగోడలు. వాటిలో రెండోది సుమారు 8,600 మీటర్ల ఎత్తున ఉన్నది. 1924లో ఈ దారిన బయలుదేరిన మలరీ, ఇర్విన్ అనే ఆంగ్లేయులు తిరిగిరాలేదు. వారు ఈ మెట్టు దాటారా లేదా అనే చర్చ వందేళ్లయినా తెగలేదు. 1960లో చైనా వారు మొదటిసారి దాటినప్పుడు ఒకడు మోకాళ్ల మీద ఆగి భుజాలిస్తే, మరొకడు తోటివాడికి గుచ్చుకోకుండా బూట్లు విప్పి ఆ భుజాల మీద నిలబడి ఎక్కాడు. ఆ తర్వాత మంచు కాటుకు కాలివేళ్లు పోగొట్టుకున్నాడు. 1975లో మళ్లీ వచ్చిన చైనా బృందం అక్కడ ఒక అల్యూమినియం నిచ్చెన బిగించింది. అప్పటినుంచి ఆ దారిన వెళ్లే వారు దాదాపు అందరూ ఆ చోట నిచ్చెన మీదుగానే వెళుతున్నారు.

నిచ్చెన ఉన్నంత మాత్రాన తేలిక కాదు. కాళ్ల కింద రెండు మైళ్ల లోయ. ఇనుప పళ్ల బూటు నిచ్చెన గజాల మీద జారుతుంది. గాలి తొడుగు మూలంగా కింద పాదం కనిపించదు. దారి పక్కన, వెనుకటి ఏళ్లలో చనిపోయి దించే వీలులేక మిగిలిపోయిన శవాలుంటాయి. వాటిని చూశానని పూర్ణ చెప్పింది. ఆనంద్ నడిచిందీ అదే దారి. పదహారేళ్ల కుర్రవాడు టార్చి వెలుగులో అలాంటిది చూసి కూడా తర్వాతి అడుగు వేశాడు.

బృందం వెంట పదిమంది నేపాలీ గైడ్లున్నారని అప్పటి వార్తా సంస్థలు రాశాయి. ముందుగా తాళ్లు బిగించేది, సిలిండర్లు మోసేది, గుడారాలు వేసేది వారే. షెర్పా పల్లెల్లో నెల రోజుల కిందటి ఏడుపులు ఇంకా ఆగలేదు. అయినా ఆ పని చేశారు. ఈ కథలో రెండో పేరు ఆనంద్‌దయితే, పేరే లేనివారు వీరు.

ఉదయం ఆరు గంటల వేళ పూర్ణ శిఖరం చేరింది. ఆ ఉదయమే ఆనంద్ చేరాడు. శిఖరం మీద జాతీయ పతాకం, అంబేద్కర్ చిత్రపటం ప్రదర్శించారు. అక్కడి గాలిలో ప్రాణవాయువు మన ఊళ్లో దొరికే దాంట్లో మూడో వంతు మాత్రమే. ఎక్కువసేపు నిలవడానికి లేదు. దిగడం ఎక్కడం కంటే కష్టం. ఎవరెస్టు మీద ప్రమాదాల్లో చాలామటుకు దిగేటప్పుడే జరుగుతాయి. ఇద్దరూ క్షేమంగా దిగారు.

ఆ వారం వార్తలు

ఆ వారం తెలుగునాట పత్రికల్లో చోటు దొరకడమే గగనం. మరునాడు, మే 26న, ఢిల్లీలో నరేంద్ర మోదీ ప్రధానిగా ప్రమాణ స్వీకారం. జూన్ 2న తెలంగాణ ఆవిర్భావం. ఈ రెంటి మధ్య, మే 29న, పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలుపుతూ ఆర్డినెన్సు. కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు పోయాయి. భద్రాచలం పట్టణం మిగిలి చుట్టూ ఉన్న పల్లెలు పోయాయి. చర్ల, దుమ్ముగూడెం తెలంగాణలో ఉండిపోయాయి. బందులు, రాస్తారోకోలతో ఏజెన్సీ అట్టుడికింది. తమ ఊరు ఏ రాష్ట్రంలో ఉంటుందో తెలియని జనానికి తమ పక్క మండలం కుర్రవాడు ఎవరెస్టు ఎక్కాడనే వార్త ఎంతవరకు చెవికెక్కి ఉంటుంది?

మరొక కారణం కూడా ఉన్నది. కొండలెక్కే లోకంలో లెక్కకు వచ్చేది అందరికన్నా ముందు, అందరికన్నా చిన్న, అందరికన్నా వేగం. అబ్బాయిల్లో అతి చిన్న వయస్కుడి రికార్డు అప్పటికే, 2010లో, జోర్డన్ రొమేరో అనే పదమూడేళ్ల అమెరికా బాలుడి పేరు మీద ఉన్నది. అతను ఎక్కిందీ ఈ ఉత్తరపు దారినే. కనుక పదహారేళ్ల ఆనంద్‌కు రికార్డు అనేది దక్కే వీలే లేదు. తర్వాత 2017లో రాహుల్ బోస్ హిందీలో తీసిన సినిమా పేరు కూడా 'పూర్ణ'. ఆడపిల్ల, లంబాడీ తండా, ప్రపంచ రికార్డు. కథ అటువైపు మొగ్గడంలో తప్పుపట్టడానికేమీ లేదు. ఆ అమ్మాయి అక్కడితో ఆగలేదు కూడా. ఏడు ఖండాల్లోని అత్యున్నత శిఖరాలన్నీ 2022 జూన్ నాటికి పూర్తిచేసింది.

అయినా ఒక లెక్క మాత్రం సరిచూసుకోవాలి. భువనగిరి బండ ఇద్దరికీ ఒకటే. లడఖ్ చలి ఒకటే. రెండో మెట్టు నిచ్చెనలో గజాలు ఇద్దరికీ అన్నే. ఖమ్మం జిల్లా వాసులు, ముఖ్యంగా ఏజెన్సీ వారు, ఈ సంగతి తామే చెప్పుకోకపోతే పైనుంచి వచ్చి ఎవరూ చెప్పరు.

ఆ ప్రశ్నల సంగతి

పిల్లల్ని అంత ప్రమాదంలోకి పంపవచ్చా అనే ప్రశ్నకు ఇద్దరూ తిరిగిరావడం జవాబు కాదు. రాకపోయి ఉంటే ఇవే పత్రికలు మరోలా రాసి ఉండేవి. పదమూడేళ్ల వయసులో 'సరే' అనడానికి విలువెంత అనేది నిజంగానే ఆలోచించవలసిన మాట. చాలా దేశాల్లో కొండలెక్కేవారు దీన్ని తప్పుపడతారు. వారి వాదనలో బలం ఉన్నది.

డబ్బు ప్రశ్న వేరు. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘంలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు వదిలాడు. ఆయన కూడా పేదింటివాడే. కోరుకొండ సైనిక్ స్కూలులో సీటు రావడంతో ఆయన దారి మారింది. అంటే పేదపిల్లలు పైకెక్కిన ప్రతిచోటా ఎవరో ఒకరు, ఏదో ఒక సర్కారు ఖర్చుతో, నిచ్చెన ఒకటి బిగించి ఉంచారు. అది లేకపోయినంత మాత్రాన వారికి సత్తువ లేదని కాదు. చర్ల సైకిల్ షాపులో ఆ కుర్రవాడి ఊపిరితిత్తులు ముందూ అవే, తర్వాతా అవే.

ఆ తర్వాత ఇది ఒక్కసారితో పోలేదు. 2017లో ఆంధ్రప్రదేశ్ సంక్షేమ గురుకులాల విద్యార్థులు కూడా ఎవరెస్టు ఎక్కారు. నవ్వినవారెవరైనా ఉంటే, అప్పటికి నవ్వడం మానుకునే ఉంటారు.

2016లో జిల్లాలు విడిపోయాయి. చర్ల, అన్నపురెడ్డిపల్లి రెండూ ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నాయి. మిర్చి కోతలకు కూలీలు వస్తూనే ఉన్నారు, వాగులు పొంగుతూనే ఉన్నాయి. మరొక మార్పు కూడా జరిగింది. ఆనంద్ ఎక్కిన నాటికి ఎవరెస్టు ఎత్తు 8,848 మీటర్లు. 1955లో మన భారత సర్వే వారు కట్టిన లెక్క అది. నేపాల్, చైనా కలిసి మళ్లీ కొలిచి 2020 డిసెంబరులో 8,848.86 మీటర్లని ప్రకటించాయి. అంటే సైకిల్ మెకానిక్ కొడుకు ఎక్కిన ఎత్తుకు, అతను దిగివచ్చిన ఆరేళ్ల తర్వాత, మరో 86 సెంటీమీటర్లు కలిశాయన్నమాట.